దాశరథీశతకమున శీలవిచారము

దాశరథీశతకమును భక్తిశతకములలోను, సుమతిశతకమును నీతిశతకములలోను జేర్చి, యీ రెంటి నడుమ గోడ గట్టి పాఠము చెప్పుట మన పాఠశాలలలోఁ జిరకాలముగ నడచుచున్న మర్యాద. ఇట్టి విభాగము పుస్తకభాండాగారమున బీరువాలు సర్దుకొనుటకుఁ బనికివచ్చునేమో గాని కావ్యతాత్పర్యనిర్ణయమునకుఁ బ్రమాణము గానేరదు. గోపన్న శతకము భక్తిశతకమే. అందు వివాదము లేదు. అయినను ఆ భక్తి యెట్టి మనుష్యుని నోట వెలువడినది, ఆ మనుష్యుఁడు దినదినమును జేయు పని యెట్టిది, ఆ పనిలో నతఁడు తన మనస్సునందు దేనిని జూచి భయపడెను అను ప్రశ్నలు వేసికొని చదివినచో, ఒక యధికారి తన మనస్సును దానే లెక్క యడిగిన విధము అందుఁ గానవచ్చును. నిత్యవ్యవహారమున మనుష్యుఁడు శీలమును నిలుపుకొను రీతిని గూర్చి తెలుఁగున వెలసిన పద్యములలో నింతకంటె సూటియైనవి యరుదని నా యభిప్రాయము. దీని కొక పెద్ద యాక్షేపము గలదు. శీలమును గూర్చి యింత చక్కఁగా జెప్పిన యా మహానుభావుఁడే సర్కారు సొమ్ము వెచ్చించి చెఱపాలయ్యెఁ గదా యని యెవరైన నడిగినచో నేమి చెప్పవలెను? ఈ ప్రశ్నను దాఁటవేసి పోవుట పండితధర్మము గాదు.

ముందుగా శతకముల ధోరణి నొకింత పరికింతము. బద్దెన రచితమని ప్రసిద్ధిగాంచిన సుమతిశతకమున నీతి యంతయు నెదుటివానికిఁ జెప్పఁబడును. ఇట్లు చేయుము, అట్లు చేయకుము అని విధినిషేధములు. సంబోధనము మంచి బుద్ధి గలవానికి. వేమన పద్యములలోఁ బెక్కింట దోషము లోకమునం దున్నది. వాఁ డిట్టివాఁడు, వీఁ డట్టివాఁడు అని యెత్తిచూపుటయే పద్ధతి. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న మొదటిది మధ్యమపురుషమునను, రెండవది ప్రథమపురుషమునను నడచిన నీతి. దాశరథీశతకమున నీతి ప్రసక్తమైన తావుల ననేకములందుఁ గవి తన్నుఁగూర్చియే పలికెను. అది యుత్తమపురుషము. ఉత్తమపురుష మనునది యొక సంజ్ఞ మాత్రమే; దానిని బట్టి వక్త యుత్తముఁడని సిద్ధింపదు. ఐనను దోషమును దనయందుఁ జూచుకొని చెప్పిన పద్యమునకును, పరునియందుఁ జూచి చెప్పిన పద్యమునకును వినువాని మనస్సునఁ గలుగు ఫలము వేఱు. పరుని దూషించు పద్యము చదివిన బాలుఁడు పొరుగువానిని దలఁచుకొనును. కవి తన్నుఁదాను దూషించుకొన్న పద్యము చదివినవాఁడు కొంతసేపైనఁ దన్నుఁ దలఁచుకొనును.

కవిచరిత్రమున నిశ్చితమైన దానిని, వినికిడిని వేఱుపఱచుకొనుట యవసరము. కంచెర్ల గోపన్న నేలకొండపల్లివాఁడు. ఆ గ్రామము మా ముదిగొండకుఁ బొరుగుననే యున్నది. ముదిగొండ యనఁగానే చరిత్రకారులకుఁ గొరవిసీమతో సంబంధించిన ముదిగొండ చాళుక్యులు తోఁతురు. నేలకొండపల్లి యనఁగానే బౌద్ధస్తూపమును, విరాటుని కొలువను జనశ్రుతియుఁ దోఁచును. ఈ ప్రాంతమున జనుల నోళ్లలో నానునది మాత్రము చాళుక్యులును గారు, విరాటుఁడును గాఁడు, గోపన్నయే. ఆత్రేయగోత్రమును, కంచెర్ల వంశమును, లింగన మంత్రికిఁ బుత్రుఁడగుటయు శతకముననే కవి చెప్పికొన్న సంగతులు గావున నందు సందేహింపఁ బనిలేదు. గోలకొండ నవాబు అబుల్ హసన్ తానాషా కాలమునఁ బాల్వంచ పరగణాకుఁ దహసీలుదారుగ నుండి, భద్రాచలమున రామాలయమును గట్టించి, భూమిశిస్తు సొమ్ము దానికి వెచ్చించినందులకు గోలకొండ కోటలో బంధింపఁబడెనని ప్రసిద్ధి. ఆ కోటలో రామదాసు బందిఖానా యని నేఁటికిని జూపుదురు. గోడమీఁద సీతారాములు మున్నగు దేవతారూపములు చెక్కఁబడియున్నవి.

బందీగానున్న కాలము పండ్రెండేండ్లని కథకులందఱు నేకగ్రీవముగఁ జెప్పుదురు. ఇందొక చిక్కున్నది. తానాషా సింహాసనమెక్కినది 1672లో. ఔరంగజేబునకు గోలకొండ వశమైనది 1687లో. గోపన్న కీ యుద్యోగ మిప్పించిరని చెప్పెడి యక్కన్న మాదన్నలలో మాదన్న ప్రధానాధికారమునకు వచ్చినది 1674 ప్రాంతమున. సోదరులిరువురు హత్యకు గుఱియైనది 1686లో. మాదన్న యధికారమునకు వచ్చిన పిదప నుద్యోగము, ఆ పిదప వసూళ్లు, ఆ పిదప దేవాలయనిర్మాణము, ఆ పిదపఁ బండ్రెండేండ్ల చెఱ, ఆ పిదప విమోచనము, ఇవి యన్నియు నా కొలఁది కాలమున నిముడవు. ఉద్యోగ మంతకుముందే లభించియుండవలె, లేదా పండ్రెండను సంఖ్య వనవాసాదులయందువలెఁ గథాసంప్రదాయమున వచ్చినదై యుండవలె. కథ నసత్యమనుట నా యుద్దేశము గాదు. కథ బలమువేఱు, ప్రమాణబలము వేఱు. కవిశీలమును గూర్చి తీర్పు చెప్పునపుడు మొదట శతకమును, పిమ్మటఁ గీర్తనలను, కడపటఁ గథను సాక్ష్యమునకుఁ బిలువవలెను. మనవారు చేయుచున్నది దీనికి విలోమము. హరికథలలో విన్నదియు, 1964లోను 2006లోను వచ్చిన చలనచిత్రములలోఁ జూచినదియు మనస్సున నిలుపుకొని, దానికి సరిపోవు పద్యములను మాత్రమే శతకమునుండి యేఱుకొందురు.

శతకమున నొక పద్యము గలదు. అందుఁ గవి యోగ్యుఁడెవఁడు, యోధుఁడెవఁడు, దాత యెవఁడు, నిశ్చింతుఁడెవఁడు అని నలుగురిని నిర్వచించెను. అసత్యమాడనివాఁడే యోగ్యుఁడు, శత్రుసమూహము పైకొన్నపుడు పోరునకు వెనుదీయనివాఁడే యోధుఁడు, యాచకుఁడు చేయి చాఁచినపుడు సంకోచింపనివాఁడే దాత, రాముని సేవించినవాఁడే చింతలేనివాఁడు అని దాని భావము. మొదటి మూఁడు లక్షణములును వ్యతిరేకరూపములు. చేయువానిని గాక చేయనివానిని జూపి లక్షణము చెప్పుట తార్కికులకు రుచింపదు. ఱాయియు నసత్యమాడదు, అది యోగ్యమగునా యని వారు వెంటనే యతివ్యాప్తి జూపుదురు. ఈ యాక్షేపమునకు వైయాకరణులయొద్ద సమాధానమున్నది. ప్రసక్తి యున్నచోటనే ప్రతిషేధము సార్థకము. అబ్రాహ్మణుఁడనినపుడు బ్రాహ్మణునికంటె భిన్నుఁడై బ్రాహ్మణునివంటివాఁడగు మనుష్యుఁడే తోఁచును గాని మట్టిబెడ్డ తోఁపదు. అట్లే యసత్యమాడనివాఁ డనినపుడు ఆడుటకు శక్తియు, అవకాశమును, ప్రయోజనమును గలిగియు నాడనివాఁడే గ్రాహ్యుఁడు.

కవి కీ సూక్ష్మము తెలియును. యోధునకు శత్రువులు పైకొన్న సమయమును, దాతకు యాచకుఁడు చేయి చాఁచిన సమయమును జెప్పినాఁడు. ఆ సమయములు లేనిచో శౌర్యదాతృత్వములు పరీక్షకు రావు. యోగ్యునకు మాత్ర మే సమయమును జెప్పలేదు. ఇది ప్రమాదవశమున వచ్చినది గాదని నా యూహ. యుద్ధము జీవితమున నొకటి రెండుమాఱులు వచ్చును. యాచకుఁడు దినమున కొకఁడు రావచ్చును. అసత్యమాడుటకు నవకాశము నోరు తెఱచిన ప్రతిక్షణమును గలదు. కచ్చేరీలోఁ గూర్చుండి పంట యెంత, బాకి యెంత, రైతు చెప్పినదెంత, కరణము వ్రాసినదెంత యని ప్రొద్దుగ్రుంకువఱకు విచారించువాని కీ సంగతి యొకరు చెప్పనక్కఱలేదు. యోగ్యతను మొదటఁ బెట్టి, దానికి సమయనియమమును విడిచిపెట్టిన యా యొక్క కూర్పులో నిత్యజీవితమున శీలమెక్కడ నుండవలెనో తెలిసిపోయినది.

ఇంతకంటె ముఖ్యమైన పద్యము వేఱొకటి గలదు. పరుల ధనమును, పరుల భార్యలను జూచి హరింపఁగోరు తన మనస్సు దొంగ యనియు, ఆ దొంగను బట్టుకొని దాస్యమువలనఁ గలిగిన వివేకమను పాశములతోఁ జుట్టి రామచరణమను వేల్పుచెట్టునకుఁ గట్టివేయుమనియుఁ గవి ప్రార్థించును. రూపకములు పరంపరగా నల్లుట యా కాలపుఁ గవులకు సామాన్యము. కావున నిదియు నొక యలంకారమేయని వ్యాఖ్యాతలు పదవిభాగము చేసి దాఁటిపోవుదురు. ఒక్క నిమిషము నిలిచి చూడవలెను. దొంగను బట్టుట, త్రాళ్లతోఁ జుట్టుట, చెట్టునకుఁ గట్టుట యనునవి గ్రామపుఁ జావడియొద్దను, వసూళ్లనాఁడును జనులు కన్నులారఁ జూచినవి. ఇవి పరగణా యధికారికి నిత్యపరిచితములైన పనులు. ఇతరుల విషయమునఁ దా నాజ్ఞాపింపఁదగిన దండమును గవి తన మనస్సునకు విధించుకొనెను. మఱియు దొంగతనమున రెండు విషయములను బేర్కొనుచు ధనమునే మొదటఁ జెప్పెను. చేతిమీఁదుగా దినమును బరధనము పోవుచుండు వానికి మొదటి భయము దానివలననే గదా.

ఇందింకొక విశేషము. దొంగను జంపుమని కవి కోరలేదు. ఊరినుండి వెడలఁగొట్టుమనియుఁ గోరలేదు. కట్టివేయుమనియే కోరెను. కట్టివేయఁబడిన దొంగ యక్కడనే యుండును. కట్టు వదులైన మరల లేచును. పరద్రవ్యమందలి యాశ యొకమాఱు నశించి మరల రాకుండ పోవునని చెప్పు వేదాంతులకంటె నీ తహసీలుదారునకు మనుష్యస్వభావ మెక్కువ తెలియునని యొప్పుకొనవలెను. కట్టిన చెట్టు వేల్పుచెట్టగుటయు సార్థకము. కోరినదెల్ల నిచ్చు చెట్టునకుఁ గట్టఁబడిన దొంగకు దొంగిలింపవలసిన పనియే యుండదు. బంధించుటయుఁ దృప్తిపఱచుటయు నొక్కచోటనే జరుగుచున్నవి. ఇట్టి సమన్వయము సాధించిన పద్యము భక్తిపద్యమా, నీతిపద్యమా యని యడుగుట వ్యర్థము.

ఈ శతకమున ధనవ్యవహారమునుండి తీసికొన్న యుపమానములు పెక్కులు గలవు. చెడ్డ యలవాటునఁ దన కవిత్వమును దురాత్ములకిచ్చితిననియు, అది రేగుపండ్లకు ముత్యములు వెలపోసినట్లయ్యెననియు నొకచోఁ బరితపించును. మా యడవిప్రక్క పల్లెలలో రేగుపండ్లు ముంతతోఁ గొలిచి గింజల కిచ్చుట మొన్నమొన్నటివఱకు నుండెను గావున నీ పోలికలోని యెత్తిపొడుపు మావారికి వ్యాఖ్యానము లేకయే తెలియును. నాఁగటికొనకు హాలికునకు నిధి తగిలినట్లు తనకు రాముఁడు లభించెనని యొకచో సంతోషించును. తర్కవాదమను గుద్దలితోఁ ద్రవ్వి త్రవ్వి కానలేని రామనిధానము భక్తియను నంజనమువలనఁ జేతికందెనని వేఱొకచోఁ జెప్పును. దొరకిన నిధి రాజునకుఁ దెలుపక దాఁచుకొన్నవాఁడు దండ్యుఁడని స్మృతులు చెప్పును. ఈ నిధిని మాత్రము కవి దాఁచలేదు, ఊరూర నెలుఁగెత్తి చాటెను.

సంపద యున్ననాఁడు మైమఱచి, అది తఱిగిననాఁడు పుణ్యములు చేయనైతినే యని వగచుట గాలి తోడై చిచ్చు చెలరేఁగినవేళ, దప్పిచే నలమటించువేళ నుదకముకొఱకు నూయి త్రవ్వఁబోవుటవంటిదని యొక పద్యము. వేసవిలోఁ దాటాకు గుడిసెలకు నిప్పంటుకొన్నపుడు చూచినవారికి దీని వేఁడి తెలియును. శీలము కష్టకాలమునఁ గొత్తగాఁ దెచ్చుకొనఁదగినది గాదు, కలిమినాఁడే నిత్యకృత్యముగఁ గూర్చుకొనవలసినదని దీని యర్థము. ఇందలి క్రియ పశ్చాత్తాపమునకు సంబంధించినది. ఆ పశ్చాత్తాపము కూడ నిష్ఫలమని కవి నిర్మొగమోటముగఁ జెప్పుట గమనింపఁదగినది. భక్తిశతకములలో సాధారణముగఁ బశ్చాత్తాపము చేతనే యంతయుఁ దీఱిపోవును.

ఇంతవఱకు శతకము. ఇఁక నాక్షేపమునకు వత్తము. ఈ పద్యములు పాఠము చెప్పుచుండ నొకనాఁడు తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు లేచి, "అయ్యా, గుడి కట్టుటకైనను అడుగకుండఁ దీసికొన్న పైకము దొంగసొమ్మే గదండీ?" యని ప్రశ్నించెను. తరగతి యంతయు నవ్వెను. నవ్వవలసిన ప్రశ్న గాదది. శాస్త్రముచేత సమాధానము చెప్పవలసినది.

దానమనఁగా నేమి? తనకుఁ గల స్వత్వమును దొలఁగించుకొని యా వస్తువునం దితరునకు స్వత్వమును గలిగించుట యని పెద్దలు నిర్వచించిరి. దానక్రియకు సంప్రదానమైనవానికిఁ జతుర్థి వచ్చును. చాకలికి గుడ్డలు వేయుచోఁ జతుర్థి గాక షష్ఠి యేల యనిన, అక్కడ స్వత్వము తొలఁగదు, గుడ్డలు మరల మనకు రావలసినవేయని వృత్తికారుల పక్షము. భాష్యకారుఁ డింత నిర్బంధము పెట్టక, ఉపాధ్యాయుఁడు శిష్యునకుఁ జెంపపెట్టు నిచ్చెననుచోఁ గూడఁ జతుర్థి నంగీకరించెను. బడిపంతుళ్లకు మిక్కిలి యింపైన యుదాహరణ మిది. ఏ పక్షము గ్రహించినను నొక సంగతి తేలుచున్నది. స్వత్వము తొలఁగించుకొనుటకు ముందు స్వత్వముండవలెను. శిస్తు సొమ్ము గోపన్న చేతిలో నుండెను గాని గోపన్నది గాదు. చేతిలో నుండుట వేఱు, తనదగుట వేఱు. కావున నా సొమ్ముతో నతఁడు చేసినది దానశబ్దవాచ్యము గానేరదు.

ఇప్పుడు కీర్తనలను బిలుతము. ఇక్ష్వాకుకులతిలకుని సంబోధించుచు సాఁగెడి ప్రసిద్ధకీర్తన మొకటి గలదు. ప్రాకారమునకుఁ బదివేల వరహాలు, భరతునకుఁ బచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకుఁ జింతాకు పతకము, రామునకుఁ గలికితురాయి, ఇవి యన్నియుఁ దాను జేయించితినని వరుసగాఁ జెప్పి, వీని నీ తండ్రి పెట్టెనా, మామ పంపెనా యని నిలువఁదీసి యడుగును. పిదప దెబ్బలకోర్వలేక తిట్టితిని, కోపింపవలదని వేఁడుకొనును. సంగీతవిద్వాంసు లిందలి యార్తిని గొనియాడుదురు, న్యాయమే. నాకు మాత్ర మిది విన్నపుడెల్ల జమాఖర్చు చిట్టా వినినట్లుండును. పద్దు, దాని ప్రక్క మొత్తము, మరల పద్దు, మరల మొత్తము. లెక్కలు వ్రాసి వ్రాసి పండిన చేయి దేవునితో జగడమాడునపుడును లెక్కయే వ్రాసినది.

ఆ చిట్టాను గారకదృష్టితోఁ జూచినచో నొక లోపము గానవచ్చును. చేయించినవాఁడు కర్త, చెప్పఁబడినాఁడు. పతకములు, మొలత్రాడు కర్మము, చెప్పఁబడినవి. ఎవరికిఁ జేయించెనో వారు సంప్రదానము, పేరుపేరునఁ జెప్పఁబడిరి. వరహాలెక్కడినుండి కదలినవో ఆ యపాదానము మాత్రము చెప్పఁబడలేదు. చెట్టునుండి యాకు రాలెననునపుడు చెట్టును జెప్పకున్న వాక్యము చెడదు; వ్యాకరణమునకు లోటు లేదు. లెక్కలో మాత్ర మిది పెద్దలోటు. ఆ వరహాలు పాల్వంచ పరగణాలో జొన్నచేల గట్లపైనుండి, ఎడ్లు నమ్ముకొన్న రైతుల మూటలనుండి కదలి కచ్చేరీకి వచ్చినవి. కచ్చేరీనుండి గోలకొండకుఁ బోవలసినవి భద్రాద్రికిఁ బోయినవి. నీ తండ్రి పెట్టెనా యని రాముని గద్దించిన గోపన్న, నా తండ్రియుఁ బెట్టలేదని మాత్ర మనలేదు. జనులే యిష్టపూర్వకముగ నిచ్చిరనియు, పంట వచ్చినపుడు పూరింతుమని మాటయిచ్చిరనియుఁ జెప్పెడి కథయు నొకటి గలదు. అది నిజమైనచో నపాదానము దొరకినది. దోషము చాలవఱకుఁ దీఱినది. అట్టి కథ పుట్టుటయే యీ లోటు జనులకును గనఁబడినదనుటకు సాక్ష్యము.

మన యూహ సరియైనదని తెలుపునది ప్రసిద్ధకథయొక్క ముగింపే. రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలను పేర్లతో నర్ధరాత్రమునఁ దానాషాకడకుఁ బోయి, ఆఱు లక్షల సొమ్ము కుమ్మరించి, చెల్లుచీటి వ్రాయించుకొని, దానిని గోపన్నయొద్దఁ జేర్చిరఁట. ఈ కథను మహిమగాఁ జెప్పుటయే కాని దీనిలోని ధర్మసూక్ష్మమును విచారించినవారు తక్కువ. రాముఁడు సర్వశక్తుఁడు గదా. చెఱసాల తలుపులు విఱుగఁగొట్టి భక్తుని విడిపింపవచ్చును. తానాషాకు స్వప్నమునఁ గనిపించి బెదరింపవచ్చును. పురాణములలో నట్టి విమోచనములకుఁ గొదువ లేదు. మన జనులు కల్పించినదైనను, పరంపరగాఁ జెప్పికొన్నదైనను, ఈ కథలో దేవుఁడు బాకి చెల్లించెను, అణా పైసలతో మొత్తము చెల్లించెను, రసీదు తీసికొనెను. దేవునికొఱకు వెచ్చించినను సర్కారు సొమ్ము సర్కారు సొమ్మే యనియు, దానిని దీర్పక భక్తునకు విముక్తి లేదనియు నీ ప్రాంతపు పామరజనులు నిర్ణయించిరి. శతకమునఁ గవి చెట్టునకుఁ గట్టిన దొంగను గథలో జనులు విడిచిపెట్టలేదు. బాకి తీఱిన పిమ్మటనే కట్టు విప్పిరి. భద్రాచలమున రామమాడలని చూపు నాణెములు జనులకు బూజ్యములగుటకును గారణ మిదియే.

దీనిపై భక్తపక్షమువారి మాట నాకుఁ దెలియును. త్యాగరాజంతటివాఁడు క్షీరసాగరశయనుని గూర్చిన కీర్తనలో రామదాసును ధీరుఁడని విశేషించెను. మనమెంతవారము తప్పు పట్టుటకు అందురు. ధీరుఁ డగుటను నేను గాదనలేదు. దెబ్బలు తినుచును గట్టించిన గుడిని గూర్చి పశ్చాత్తపింపనివాఁడు ధీరుఁడే. ధైర్యము వేఱు, లెక్కలోని శుచిత్వము వేఱు. ఒకటి యున్నంతమాత్రమున రెండవది యుండితీఱునని యెచటను జెప్పఁబడలేదు. వేఱొక పక్షమువారు శతకపద్యము లన్నియుఁ బైపూఁత, మనిషి సొమ్ము వాడుకొన్నవాఁడే యని తేలికగాఁ దీసివేయుదురు. వీరి పక్ష మింకను దుర్బలము. సొమ్ము దనకొఱకు దాఁచినట్లు కథలోను లేదు, కీర్తనలోను లేదు. పరధనమును జూచి తన మనస్సు దొంగయగునని ముందే చెప్పి వెఱచినవానిని గపటి యనుట విమర్శనము గాదు. ఆ పద్యము వ్రాసినవానికిఁ బ్రలోభము తెలియును. అది యే వేషమున వచ్చునో పూర్తిగాఁ దెలియలేదు. పరభార్యగాను, స్వభోగముగాను వచ్చినచో నతఁడు గుర్తించియుండును. దేవుని కలికితురాయిగా వచ్చెను.

పాణిని తృతీయాధ్యాయమునఁ దృన్ మున్నగు ప్రత్యయములను దచ్ఛీలుఁడు, తద్ధర్ముఁడు, తత్సాధుకారి యను మూఁడర్థములయందు విధించెను. ఫలాపేక్ష లేక స్వభావము చేతనే యా పని చేయువాఁడు తచ్ఛీలుఁడు. స్వభావము లేకున్నను దన ధర్మమని చేయువాఁడు తద్ధర్ముఁడు. ఆ పనిని జక్కఁగాఁ జేయువాఁడు తత్సాధుకారి. చాప నల్లువాని నుదాహరణముగఁ జూపుట శాస్త్రమున వాడుక. మా వైపున నీఁతాకు చాపలు నల్లువారిని జూచినచో నీ మూఁడర్థములును గన్నులయెదుట నుండును. సంత లేని దినమునఁ గూడ వేళ్లూరకుండక యల్లువాఁడొకఁడు; కులవృత్తియని యల్లువాఁడొకఁడు; అంచు వంకర పోకుండ నల్లువాఁడొకఁడు. ఈ మువ్వురు నొక్కనియందే యుండుట దుర్లభము. నీతిబోధలోఁ దఱచుగ మనము శీల మను నొక్క మాటతో నీ మూఁటిని గలగాపులగము చేయుదుము. గోపన్న యీవియందుఁ దచ్ఛీలుఁడు; అందు సందేహము లేదు. నిర్మాణమునఁ దత్సాధుకారి; భద్రాద్రి సాక్షి. కచ్చేరీ పనిలోఁ దద్ధర్మత్వ మొకచోఁ దప్పెను. భృత్యుఁడనఁగా భరింపఁదగినవాఁడు, అన్నము పెట్టినవాని లెక్క యతనికి ధర్మము. ఇద్దఱు ప్రభువులకు దాసుఁడగుటలోఁ గల కష్టమునకు రామదాసు పేరే సాక్ష్యము.

ఈ సందర్భమున దమ్మక్కను దలఁపకుండరాదు. గోపన్నకు ముందే భద్రగిరిపై పుట్టలో మూర్తులను గాంచి, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నివేదించిన వనిత పోకల దమ్మక్క యని స్థలపురాణకథ. ఆమె యిచ్చినదానిలో నపాదానమును గూర్చి ప్రశ్న పుట్టదు. తాటిచెట్టునుండి పండు రాలినది, ఆమె యేఱుకొన్నది, రామున కిచ్చినది. ఆమె పందిరి నిలువలేదు, గోపన్న గుడి నిలిచినది. ఈ భేదమును గూర్చి చరిత్ర తనకుఁ దోఁచినట్లు చెప్పుకొనుఁగాక. పిల్లలకుఁ గథ చెప్పునపుడు గోపన్నకుఁ బూర్వము దమ్మక్కను జెప్పుట మంచిది. పెక్కురు గోపన్నతోనే మొదలుపెట్టుటచే దానమున్న చోట ధనముండవలెనను భ్రాంతి బాలుర మనస్సులలో నాఁటుకొనుచున్నది.

బోధించువారికి నాదొక సూచన. దాశరథీశతకమునుండి పాఠమునకుఁ బద్యములు గ్రహించునపుడు శ్రీరామగుణవర్ణనపద్యములతోఁ బాటు మనస్సను దొంగను గూర్చిన పద్యమును, యోగ్యుని నిర్వచించిన పద్యమును, చిచ్చువేళ నూయి త్రవ్వుటను గూర్చిన పద్యమును నొక్కచోఁ గూర్పవలెను. కవిచరిత్ర చెప్పునపుడు చెఱ సంగతిని దైవలీలగా మాత్రమే చెప్పక, ఏ సొమ్ము, ఎవరి సొమ్ము, ఎట్లు తీఱినది యని కూడఁ జెప్పవలెను. పద్యమును గంఠస్థము చేయించి ప్రతిపదార్థము వ్రాయించుటతో మన పని తీఱదు. బాలుని యడుగఁదగిన ప్రశ్న యేమనఁగా, అంగడినుండి మిగిలిన చిల్లర యింటికిఁ దెచ్చునపుడు ఆ పద్యములోని దొంగ యెక్కడ నుండెను, అని. మా తరగతిలో నీ ప్రశ్న వేసిననాఁడు నవ్వు రాలేదు.

ఈ విషయమునఁ గుతుబుషాహీల కాలమునుండి వచ్చినదని చెప్పఁబడు నొక యాచారము నాకు మిక్కిలి నచ్చినది. శ్రీరామనవమినాఁడు భద్రాద్రి సీతారాముల కల్యాణమునకుఁ బ్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలును బట్టువస్త్రములును వచ్చుట నేఁటికిని జరుగుచున్నది. నైజాము ప్రభువులును దీనిని నడిపిరి. తరువాతి ప్రభుత్వములును నడుపుచున్నవి. తానాషా ఖజానానుండి రాత్రివేళఁ గదలినదో, లేక కచ్చేరీలోనే నిలిచిపోయినదో తెలియక వివాదమునకుఁ గారణమైన సొమ్ము, ఇక్కడఁ బట్టపగలు, పళ్లెరమునఁ బెట్టి, పంపినవారి పేరు చెప్పి, లెక్కలో వ్రాసి, జనులందఱు చూచుచుండఁగా గర్భాలయమునకు వచ్చుచున్నది. గోపన్న చిట్టాలో లేని పద్దు అది.